సొమ్మొకడిది, సోకొకడిది: ఆన్‌లైన్‌లో కొన్న స్కూటీ మన పేరు మీదికి వచ్చేదెప్పుడు?

ఏప్రిల్, మే నెలలు వస్తే చాలు, ఫైనలియర్ వాళ్ళ ప్రాజెక్టు వైవా అయ్యీ అవ్వకముందే ఫోన్లలో బళ్ళ ఫొటోలు మొదలవుతాయి. "సింగిల్ ఓనర్, షోరూం కండిషన్, అర్జెంట్ సేల్." ఏ సెకండియర్ తమ్ముడో, చెల్లో ఆ యాడ్ చూస్తారు. నాలుగు మెసేజీల్లో బేరం తెగుతుంది. యూపీఐలో డబ్బు వెళ్తుంది, తాళంచెవీ ఆర్సీ కార్డూ చేతికొస్తాయి. అమ్మినవాడు ఉద్యోగానికి బెంగళూరు బస్సెక్కుతాడు, కొన్నవాడు పెట్రోలు బంకుకు వెళ్తాడు. ఇద్దరి లెక్కలోనూ పని అయిపోయింది. చట్టం లెక్కలో మాత్రం సగమే అయింది. మిగతా సగం, ఆర్సీలో పేరు మారడం.

"సొమ్మొకడిది, సోకొకడిది" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పేరు మారేదాకా బండి మీద తిరిగేది ఒకరు, దాని బరువు మోసేది ఇంకొకరు. ఆ బరువు ఎంతో, దాన్ని దించుకునే దారేమిటో చూద్దాం. కొనేవాళ్ళే కాదు, అమ్మేవాళ్ళూ చదవండి. నిజం చెప్పాలంటే ఎక్కువ ప్రమాదం వాళ్ళకే.

ఓనర్ అంటే ఎవరు?

డబ్బిచ్చి బండి తీసుకుంటే మీ ఇద్దరి మధ్య అమ్మకం జరిగినట్టే. కానీ ఆ సంగతి రోడ్డు మీద మూడో మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒక సులువైన గుర్తు పెట్టుకుంది. బండి ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో ఆ మనిషే ఓనర్ అని సెక్షన్ 2(30) చెబుతుంది. చలాను ఎవరి పేరున వస్తుంది, యాక్సిడెంట్ జరిగితే పోలీసులు ముందు ఎవరి తలుపు తడతారు, కోర్టు నోటీసు ఏ అడ్రసుకు వెళ్తుంది? అన్నిటికీ ఆర్సీలో ఉన్న పేరే జవాబు.

ఇది కాగితం మీద మాట మాత్రమే కాదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ఒక కారు ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారుతూ పోయింది, ఆర్సీలో మాత్రం మొదటి మనిషి పేరే ఉండిపోయింది. ఆ తర్వాత యాక్సిడెంట్ జరిగింది. బండికి ఇన్సూరెన్స్ లేదు. "నేను ఎప్పుడో అమ్మేశాను" అని మొదటి మనిషి అన్నాడు. రికార్డుల్లో పేరున్నంతవరకు పరిహారం కట్టాల్సిన బాధ్యత నీదేనని కోర్టు తేల్చింది. బాధితులు అమ్మకాల గొలుసు పట్టుకుని ఒక్కొక్కరి చుట్టూ తిరగాల్సిన పని లేదన్నది కోర్టు చెప్పిన కారణం. ఆ మనిషి స్థానంలో మన క్యాంపస్ నుంచి వెళ్ళిపోయిన సీనియర్‌ని ఊహించుకోండి. ముప్పై వేలకు అమ్మిన స్కూటీ మీద, తాను చూడని యాక్సిడెంట్‌కి, లక్షల్లో బాధ్యత.

ఎమ్మెస్‌కి అమెరికా వెళ్ళిన సీనియర్లు బండి కొన్నప్పుడు "టైటిల్ ఇంకా రాలేదు" అంటుంటారు. అక్కడ రెండు వేర్వేరు కాగితాలు ఉంటాయి. బండి ఎవరిదో చెప్పేది టైటిల్, రోడ్డెక్కడానికి అనుమతి ఇచ్చేది రిజిస్ట్రేషన్. కాలిఫోర్నియాలో అయితే అమ్మినవాళ్ళు 5 రోజుల్లో, కొన్నవాళ్ళు 10 రోజుల్లో అక్కడి వాహనాల శాఖకు చెప్పాలి. మన దగ్గర టైటిల్ అని వేరే కాగితం లేదు. ఆ రెండు పనులూ ఒక్క ఆర్సీయే చేస్తుంది. అందుకే ఆర్సీ కార్డు జేబులో ఉండటం వేరు, ఆర్సీలో మన పేరు ఉండటం వేరు.

డబ్బు పంపకముందు

ఆన్‌లైన్ యాడ్‌లో కనిపించేది ఫొటో మాత్రమే. బండిని కళ్ళతో చూడకుండా అడ్వాన్సు పంపకండి. "నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి పార్శిల్‌లో పంపిస్తాను" అనే కథ చాలా పాతది. ఇంకో మాట: యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నారంటే అవతల ఉన్నది దొంగే.

బండి దగ్గరికి వెళ్ళాక చూడాల్సినవి ఇవి.

మొదటిది, నంబర్లు. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద చెక్కిన వాటితో అక్షరం అక్షరం సరిపోవాలి. ఛాసిస్ నంబరులో 17 అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటాయి. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు అందులో రావు, ఒకటి, సున్నాలతో కలగాపులగం కాకూడదని. గీకేసినట్టు, మళ్ళీ కొట్టినట్టు కనిపిస్తే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేయండి. దొంగబండి అని తెలిసి కొన్నా, అనుమానించడానికి కారణం ఉండి కూడా కొన్నా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద నేరమే.

రెండోది, పేరు. మనవాళ్ళ బళ్ళు చాలావరకు వాళ్ళ నాన్నగారి పేరు మీదే ఉంటాయి. అప్పుడు సంతకం మీ ఫ్రెండ్‌ది పనికిరాదు, నాన్నగారిదే కావాలి. ఆయన లేకపోతే ముందు ఫారం 31తో వారసుల పేరు మీదికి మారాలి, ఆ తర్వాతే మీకు. అమ్మేవాడే ఇంకొకరి దగ్గర కొని పేరు మార్చుకోకుండా తిప్పుతున్న బండి అయితే, ఆర్సీలో ఉన్న అసలు మనిషిని పట్టుకోవాల్సిందే.

మూడోది, అప్పు. ఆర్సీలో "హైపోథికేషన్" అని బ్యాంకు పేరో, ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే బండి మీద లోన్ ఉన్నట్టు. ఈఎంఐలు కట్టేసినంత మాత్రాన ఆ పేరు దానంతట అది పోదు. అప్పిచ్చినవాళ్ళు ఫారం 35 మీద సంతకం చేసి, బాకీ లేదని ఎన్‌ఓసీ ఇవ్వాలి. దాన్ని ఆర్‌టీఏలో పెట్టి ఆ ఎంట్రీ తీయించాలి. అది అమ్మేవాళ్ళ పని, డబ్బు పూర్తిగా ఇచ్చేలోపు చేయించుకోవాల్సిన పని.

నాలుగోది, చలాన్లు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ గడువు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్ చేయించాలి. పధ్నాలుగేళ్ళ బండి చవగ్గా దొరికిందంటే ఆ ఖర్చు మీ వంతు అన్నమాట.

పేరు మార్చే పని

కావాల్సిన ఫారాలు ముఖ్యంగా రెండు. ఫారం 29, "నా బండి ఫలానా వాళ్ళకు అమ్మాను" అని అమ్మినవాళ్ళు ఇచ్చే సమాచారం. ఇది రెండు కాపీలు. ఫారం 30, పేరు మార్చమని పెట్టే దరఖాస్తు. ఇందులో అమ్మినవాళ్ళ భాగం ఒకటి, కొన్నవాళ్ళ భాగం ఒకటి. వీటితో పాటు ఆర్సీ, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, గుర్తింపు, అడ్రస్ రుజువులు, ఫీజు. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో దరఖాస్తు మొదలుపెట్టి, ఫీజు కట్టొచ్చు.

గడువులు సెక్షన్ 50లో ఉన్నాయి. రాష్ట్రం లోపలే అమ్మకమైతే అమ్మినవాళ్ళు 14 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవాళ్ళకు 30 రోజులు. అంటే బాధ్యత ఇద్దరిదీ. "వాడే చేయించుకుంటాడులే" అని అమ్మినవాడూ, "సెమిస్టర్ అయ్యాక చూద్దాం" అని కొన్నవాడూ అనుకుంటేనే పేరు అక్కడే ఉండిపోతుంది.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. కొనేవాళ్ళ పేరూ తేదీ ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టి ఫారాలు ఇచ్చేయడం. ఆ కాగితాలతో బండి ఇంకో ముగ్గురి చేతులు మారినా మీకు తెలియదు. అమ్మే రోజే అన్నీ పూర్తిగా నింపండి. పక్కనే ఒక డెలివరీ కాగితం రాసుకోండి: తేదీ, టైము, బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఎంతకు అమ్మారు, ఇద్దరి సంతకాలు, ఇద్దరి గుర్తింపు కార్డుల జిరాక్సులు. టైము ఎందుకంటే, ఆ రోజు పొద్దున పడిన చలాను ఎవరిదో, సాయంత్రం పడింది ఎవరిదో దాంతోనే తేలుతుంది. అయితే ఈ కాగితం మీకు సాక్ష్యం మాత్రమే, పేరు మార్పుకి బదులు కాదు.

యాప్ ద్వారానో, సెకండ్ హ్యాండ్ డీలర్‌కో అమ్ముతున్నారా? యాడ్ పెట్టుకోనిచ్చే వెబ్‌సైట్ కొనేదీ కాదు, అమ్మేదీ కాదు. బండి నిజంగా తీసుకునే డీలర్ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం అతని దగ్గర ఉండాలి. బండి అతనికి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. ఆ రెండూ అడిగి చూసుకోండి.

వేరే రాష్ట్రం బండి అయితే

గుంటూరులో కొని హైదరాబాద్‌లో తిప్పడం, వరంగల్ బండి విజయవాడకు తేవడం మనకు మామూలే. 2014 జూన్ 2 నుంచి ఇవి రెండు రాష్ట్రాలు. కాబట్టి బండి రిజిస్టరైన ఆఫీసు నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. టాక్స్ బాకీలూ, దొంగతనం కేసులూ లేవని చూసుకునే దాన్ని ఇస్తారు. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచితే కొత్త నంబరుకు దరఖాస్తు చేయాలి. ఇక్కడి లైఫ్ టాక్స్ కూడా కట్టాల్సి వస్తుంది. బేరమాడేటప్పుడు ఆ లెక్క కూడా కలుపుకోండి.

ప్లేటు చూసి మోసపోకండి. ఏపీ 09 అని ఉంటే ఆంధ్ర బండి అనుకుంటారు. అది ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ నంబరు. తెలంగాణలో 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. పాత ప్లేట్లూ చెల్లుతాయి. ఏ ఆఫీసులో రిజిస్టరైందో ఆర్సీలో చూస్తేనే తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి

అందరూ మర్చిపోయేది ఇదే. బండి చేతులు మారినప్పుడు ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి ఉన్న థర్డ్ పార్టీ కవర్ కొత్త ఓనర్‌కు వర్తిస్తుందని సెక్షన్ 157 చెబుతుంది. కానీ 14 రోజుల్లో కంపెనీకి తెలిపి పాలసీలో పేరు మార్పించుకోవాలి. మీ బండికి జరిగే డ్యామేజీ కవర్ అలా దానంతట అది రాదు. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాళ్ళతోనే పోతుంది. పైగా ఓనర్‌కు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది చూడండి, అది పాలసీలోనూ ఆర్సీలోనూ పేరున్న ఓనర్‌కే. రోజూ బండి నడిపేది మీరు, బీమా ఉన్నది ఎక్కడో ఉన్న సీనియర్‌కి. పేరు మార్చుకోకపోతే ఇంట్లోవాళ్ళకు మిగిలేది ఏమీ ఉండదు.

కొత్త బండి, కరెంటు బండి

కొత్త స్కూటర్ ఆన్‌లైన్‌లో బుక్ చేసినా రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టాల్సింది డీలరే. అలా డీలర్ రిజిస్టర్ చేయించే బండిని నంబర్ పెట్టకుండా డెలివరీ ఇవ్వకూడదని సెక్షన్ 41 అంటుంది. "రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు" అని అమ్మే ఎలక్ట్రిక్ స్కూటర్ల విషయంలో మాత్రం రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. మోటారు పవర్ 250 వాట్ల లోపు, స్పీడు గంటకు 25 కిలోమీటర్ల లోపు. ఆ రెండూ ఉండి, ఆమోదం ఉన్న పరీక్షా సంస్థ సర్టిఫికెట్ చూపిస్తేనే మినహాయింపు. స్పీడు పెంచేలా వైరింగ్ మార్పిస్తే ఆ మినహాయింపు పోయినట్టే.

ఈ మే నెలలో బండి అమ్ముతున్నా, కొంటున్నా ఒక పద్ధతి పెట్టుకోండి. ధరలో కొంత భాగం ఆపుకుని, ఆర్సీలో పేరు మారాక ఇచ్చేట్టు ముందే మాట్లాడుకోండి, ఆ మాట డెలివరీ కాగితంలోనూ రాసుకోండి. అప్పుడు ఆఫీసుకు వెళ్ళే తొందర ఇద్దరికీ ఉంటుంది. ఇప్పటికే బండి అమ్మేసి వెళ్ళిపోయిన అన్నలూ అక్కలూ ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రోజే మీ పాత నంబరు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఇంకా మీ పేరే కనిపిస్తే, కొన్న తమ్ముడికి ఒక ఫోన్ చేయండి.