కాండమా, వేరా? చోటే చెబుతుంది

బంగాళాదుంప, చిలగడదుంప రెండూ మట్టిలోంచి తవ్వి తీసేవే. రెండింటిలోనూ నిండా పిండిపదార్థమే. అయినా వృక్షశాస్త్రం లెక్కలో మొదటిది కాండం, రెండోది వేరు. చూపుకు ఒకేలా ఉన్నవాటిని ఇలా విడదీయడం స్వరూపశాస్త్రం పని. అవయవం ఎలా ఉందన్నదానికన్నా ఎక్కడ పుట్టిందన్నదే దానికి ముఖ్యం.

కాండానికి కణుపులుంటాయి. కణుపు దగ్గర ఆకు, ఆకు కాండాన్ని అంటుకున్నచోట మొగ్గ ఉంటాయి. వేరుకు ఈ అమరిక ఉండదు. బంగాళాదుంప మీది ప్రతి కన్నూ ఒక కణుపే. కన్ను పక్కన వంపు తిరిగిన సన్నని గీత రాలిపోయిన పొలుసాకు గుర్తు, గుంటలో ఉన్నవి మొగ్గలు. ఈ కళ్లు దుంప చుట్టూ మెలిక తిరుగుతూ సాగి, కొసన దగ్గర దగ్గరగా చేరతాయి. అల్లం, పసుపు కొమ్ముల మీది వలయాలూ కణుపులే. చిలగడదుంప, క్యారట్ మీద ఈ వరస కనబడదు.

బయట తేలని సంగతిని లోపలి నిర్మాణం తేలుస్తుంది. లేత వేరును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నీటిని మోసే దారువు, ఆహారాన్ని మోసే పోషక కణజాలం విడివిడి పుంజాలుగా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కాండంలో సాధారణంగా రెండూ ఒకే పుంజంలో కలిసి, దారువు లోపలివైపు, పోషక కణజాలం వెలుపలివైపు ఉంటాయి.

ముళ్ల కథ ఇంకా చిత్రం. బోగన్‌విలియా ముల్లు ఆకు మొదట్లో మొగ్గ ఉండాల్సిన చోట వస్తుంది, కాబట్టి అది కొమ్మ. రేగు ముళ్లు ఆకు తొడిమ మొదట్లో ఉండే చిన్న పుచ్ఛాల రూపాంతరం. నాగజెముడులో పచ్చని పలక కాండం, ముళ్లేమో ఆకులు. గులాబీ ముల్లు ఇవేవీ కాదు, పైపొర నుంచి పొడుచుకొచ్చిన భాగం. అందుకే పక్కకు నొక్కితే చటుక్కున ఊడి వస్తుంది. పని ఒకటే, పుట్టుకలు మాత్రం వేరు.

అరటి బోదె మానులా కనిపించినా, అది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడుగుల కట్ట. అసలు కాండం నేలలోనే ఉంటుంది. గెల వేసే వేళ అది బోదె నడుమ నుంచి పైకి సాగుతుంది. మనం కూర వండుకునే దూట అదే.

పూల భాగాలు కూడా రూపం మారిన ఆకులేనని జర్మన్ కవి గేటే 1790లో తన పుస్తకంలో వాదించాడు. 1991లో ఎన్రికో కోయెన్, ఎలియట్ మేయెరోవిట్జ్ పూల భాగాలను మూడు వర్గాల జన్యువులు నిర్ణయిస్తాయని ప్రతిపాదించారు. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఆ మూడు వర్గాలూ పనిచేయకపోతే, పూరేకులు, కేసరాలు రావలసిన చోట ఆకుల్లాంటివే వచ్చాయి.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితం కాదు. బంగాళాదుంపను విత్తనానికి కోసే రైతు ప్రతి ముక్కకూ కన్ను ఉండేలా చూస్తాడు. చిలగడదుంపకైతే తీగ ముక్కలనే నాటతాడు. దుగ్గిరాల, నిజామాబాద్ ప్రాంతాల పసుపు రైతులు విత్తనానికి మంచి మొగ్గలున్న కొమ్ములను ఏరి పెట్టుకుంటారు. ఈసారి సంచిలోంచి దుంప తీసినప్పుడు, తరిగే ముందు కణుపు కోసం ఒకసారి వెతికి చూడండి.