పేరు చెప్పుకోని పరికరాలు

25.175 640 656 752 800 480 490 492 525. 1990లలో లినక్స్ కంప్యూటర్‌లో బొమ్మల తెర రావాలంటే ఇలాంటి అంకెల వరుస ఒకటి ఫైల్లో ఉండాలి. దీన్ని మోడ్‌లైన్ అనేవారు. ఒక అంకె అటూ ఇటూ అయితే తెర నల్లగా ఉండిపోయేది, లేదా బొమ్మంతా ఏటవాలు గీతలై జారిపోయేది. తెర ఒక్కటే కాదు. మౌస్ ఏ పోర్టుకు తగిలించారో, మోడెమ్ ఎక్కడుందో, సౌండ్ కార్డు ఏ నంబరు వాడుకుంటోందో అన్నీ వాడేవాడే చెప్పాలి. డబ్బు పోసి కొన్న యంత్రానికి దాని అవయవాలను మనమే పరిచయం చేయాల్సిన విడ్డూరం అది. లినక్స్ డెస్క్‌టాప్ తొలి పదేళ్ల కథలో ముప్పాతిక ఈ పరిచయాల తతంగమే.

ఆ అంకెల్లో ఏముందో చూద్దాం. అప్పటి మానిటర్లు గాజు గొట్టపువి. వెనక నుంచి వచ్చే ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీస్తూ, పై నుంచి కిందికి దిగుతుంది. 25.175 అంటే మెగాహెర్ట్జ్‌లు, అంటే సెకనుకు 2 కోట్ల 51 లక్షల 75 వేల చుక్కల చొప్పున పంపమని వీడియో కార్డుకు చెప్పడం. గీతలో మనకు కనిపించేవి 640 చుక్కలు. కుడి అంచుకు చేరిన పుంజం మళ్లీ ఎడమ అంచుకు రావాలి కదా, దానికీ సమయం పడుతుంది. అందుకని గీతకు మొత్తం 800 చుక్కల వ్యవధి ఇస్తారు. 656వ చుక్క దగ్గర వెనక్కి మళ్లమనే సంకేతం మొదలై 752 దగ్గర ఆగుతుంది. నిలువునా ఇదే పద్ధతి: కనిపించేవి 480 గీతలు, లెక్కలోకి వచ్చేవి 525. ఇప్పుడు భాగహారం చేయండి. 2,51,75,000ను 800తో భాగిస్తే సెకనుకు సుమారు 31,469 గీతలు. దాన్ని 525తో భాగిస్తే సెకనుకు దాదాపు 60 సార్లు తెర నిండుతుంది.

ఈ రెండు ఫలితాలూ మానిటర్ తట్టుకోగల హద్దుల్లో ఉండాలి. ఆ హద్దులు మానిటర్‌తో పాటు ఇచ్చిన పుస్తకంలో ఎక్కడో చివరి పేజీల్లో ఉండేవి. పుస్తకాన్ని అట్టపెట్టెతో సహా పారేసినవాళ్లు ఊహించుకుని రాయాల్సిందే. ఒకే పౌనఃపున్యానికి బిగించిన పాత మానిటర్లకు తప్పుడు సంకేతం పంపితే లోపలి భాగాలు కాలిపోయే ప్రమాదం కూడా ఉండేది. ఫైల్లో అంకె తప్పు రాస్తే సామాను కాలిపోవడమంటే మామూలు విషయం కాదు. ఎరిక్ రేమండ్ ఈ లెక్కల మీద ఓ పెద్ద మార్గదర్శినే రాశారు. అది చదివే ఓపిక లేనివాళ్లకు కంట్రోల్, ఆల్ట్, బ్యాక్‌స్పేస్ మీటలే దిక్కు. మూడూ కలిపి నొక్కితే బొమ్మల తెర ఆగిపోయి అక్షరాల తెర తిరిగొచ్చేది. ఫైలు తెరిచి, అంకె మార్చి, మళ్లీ మొదలు.

ఈ అవస్థకు కారణం లినక్స్ పుట్టుకలోనే ఉంది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 పీసీ కోసం కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, రాయడం మొదలుపెట్టినప్పుడు అతనికి డెస్క్‌టాప్ ఆలోచనే లేదు. 1992లో ఓరెస్ట్ జ్‌బోరోవ్‌స్కీ అనే ప్రోగ్రామర్ బొమ్మల తెరను నడిపే ఎక్స్ విండో వ్యవస్థను లినక్స్ మీదికి తెచ్చాడు. ఎక్స్ 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది. అది పెరిగింది ఖరీదైన వర్క్‌స్టేషన్ల మీద. అక్కడ యంత్రం, మానిటర్, సాఫ్ట్‌వేర్ చాలావరకు ఒకే కంపెనీ చేతిలో ఉండేవి కాబట్టి ఏ భాగం ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు. పీసీ కథ వేరు. మదర్‌బోర్డు ఒకరిది, వీడియో కార్డు ఇంకొకరిది, మానిటర్ మరొకరిది. మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న ‘అసెంబుల్డ్’ సిస్టం అచ్చంగా ఈ తరహాదే. ఏ దుకాణంలో ఏది చౌకైతే అది బిగించి ఇచ్చేవారు. పీసీల కోసం ఎక్స్‌ను తీర్చిదిద్దిన ఎక్స్‌ఫ్రీ86 బృందం 1992 నుంచి ఈ కలగూరగంపతోనే కుస్తీ పట్టింది. కొన్ని వీడియో కార్డుల కంపెనీలు తమ చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ససేమిరా అన్నాయి. విండోస్‌కైతే డ్రైవర్ ఫ్లాపీ పెట్టెలోనే వచ్చేది. లినక్స్‌కు అది ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

1993లో పాట్రిక్ వోల్కర్డింగ్ విడుదల చేసిన స్లాక్‌వేర్ అనే లినక్స్ కూర్పు 24 ఫ్లాపీల మీద వచ్చింది. మన దేశంలో 1996లో పీసీక్వెస్ట్ పత్రిక లినక్స్ సీడీని సంచికతో పాటు ఇవ్వడంతో చాలామందికి ఇది మొదటిసారి చేతికందింది. ఇంటర్నెట్ నుంచి దించుకునే తాహతు అప్పుడు చాలామందికి లేదు.

సీడీ దొరికి, ఎక్కించడం పూర్తయ్యాక అసలు పరీక్ష మొదలయ్యేది. కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద ఎల్, ఐ, ఎల్, ఓ అనే ఇంగ్లిషు అక్షరాలు ఒకటొకటిగా పడాలి. లినక్స్‌ను మొదలుపెట్టడానికి వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లైలో అనే ప్రోగ్రాం పలకరింపు అది. ఒక్కో అక్షరం ఒక్కో మెట్టు దాటినట్టు గుర్తు. ‘ఎల్, ఐ’ దగ్గరే ఆగిపోయిందంటే మొదటి భాగం రెండో భాగాన్ని డిస్క్ నుంచి తెచ్చింది కానీ నడపలేకపోయిందన్న మాట. డిస్క్ కొలతల గురించి కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే బయోస్ ఒకటి చెప్పి లైలో ఇంకొకటి అనుకున్నా, కావలసిన ఫైలు చోటు మారినా అంతే. లైలోకు ఫైళ్ల పేర్లు అక్కర్లేదు. కెర్నల్ డిస్క్‌లో ఏయే సెక్టార్లలో ఉందో జాబితా రాసుకుని అక్కడికే వెళ్తుంది. కొత్త కెర్నల్ తయారుచేసి, లైలోను మరోసారి నడపడం మరిచిపోతే ఇక అంతే సంగతులు.

దీనికి తోడు 1024 సిలిండర్ల గొడవ. బయోస్ సిలిండర్ నంబరుకు 10 బిట్లే ఇచ్చింది, కాబట్టి 1024కు మించి లెక్కపెట్టలేదు. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. గుణిస్తే 52,84,82,304 బైట్లు, అంటే సుమారు 528 మెగాబైట్లు. తర్వాత హెడ్ల లెక్కను 255కు సాగదీసి 8.4 గిగాబైట్ల దాకా తెచ్చారు. కెర్నల్ ఈ సరిహద్దు అవతల పడితే మొదలవడమే కుదరదు. ముందు భాగమంతా విండోస్‌కు ఇచ్చి, చివర మిగిలిన చోట లినక్స్‌ను సర్దినవాళ్లకు ఈ దెబ్బ తప్పేది కాదు. డిస్క్ మొదట్లో చిన్న ‘బూట్’ విభాగం చేసుకోవడమే మందు.

సౌండ్ కార్డు రోగం నాకు వీటన్నిటికంటే ఆసక్తికరంగా అనిపిస్తుంది. పాట పెడితే మొదటి ముక్క ఒక్కటే మళ్లీ మళ్లీ వినిపిస్తూ ఉండేది. మూలం ఇది: ప్రాసెసర్‌ను పిలవడానికి పీసీలో 0 నుంచి 15 వరకు 16 పిలుపు తీగలు, అంటే ఐఆర్‌క్యూలు ఉండేవి. గడియారానికి 0, కీబోర్డుకు 1, సీరియల్ పోర్టులకు 4, 3, ప్రింటర్‌కు 7 ఇలా ముందే పంచేసి ఉండేవి. సౌండ్ బ్లాస్టర్ మామూలుగా 5 తీసుకునేది. ప్రాసెసర్ మెమరీలో కొంత ధ్వనిని పెడితే కార్డు దాన్ని సొంతంగా తీసుకుని వాయిస్తుంది, అయిపోగానే ‘తర్వాతిది పెట్టు’ అని తీగ లాగుతుంది. ఫైల్లో 5కు బదులు 7 అని రాసి ఉంటే ఆ పిలుపు ఎవరికీ అందదు. కొత్త ధ్వని రాదు, కార్డు మాత్రం ఉన్న ముక్కనే తిప్పి తిప్పి వాయిస్తుంది. రోగ లక్షణం వినగానే నంబరు తప్పని చెప్పేయొచ్చు. అంతా సరిపోతే రెడ్‌హ్యాట్ లినక్స్‌లోని సౌండ్ అమరిక ప్రోగ్రాం బహుమానంగా లైనస్ గొంతే వినిపించేది, లినక్స్ అన్న పేరును తాను ఎలా పలుకుతాడో చెబుతూ.

కెర్నల్‌ను సొంతంగా తయారుచేసుకోవడం అప్పట్లో మామూలే. గంటలు పట్టే ఆ పని మధ్యలో కంపైలర్ ‘సిగ్నల్ 11’ అని చచ్చిపోయేది. రోజియర్ వుల్ఫ్ అనే ప్రోగ్రామర్ దీని మీద రాసిన వివరణలో ఒక చక్కటి పరీక్ష ఉంది: పనిని మళ్లీ మొదలుపెట్టండి. ఆగిన చోటే ఆగితే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. ప్రతిసారీ వేరే చోట ఆగితే సామానుది, చాలావరకు మెమరీ చిప్‌ది. విండోస్‌లో ఏ ఇబ్బందీ కనబడని అదే యంత్రం లినక్స్‌లో ఆగుతుంటే జనం లినక్స్‌నే తిట్టేవారు. నిజానికి కెర్నల్ తయారీ మెమరీని మూలమూలలా రుద్దుతుంది కాబట్టి దాగి ఉన్న లోపం బయటపడేది.

వీటికి మందు ఉంది. విన్‌మోడెమ్‌కు మాత్రం లేదు. 1990ల చివర్లో చౌక మోడెమ్‌లలో సంకేతాలను విడగొట్టే చిప్ తీసేసి, ఆ శ్రమంతా విండోస్ డ్రైవర్ ద్వారా కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన వేశారు. లినక్స్‌కు అది మోడెమ్‌లా కనబడదు. తానేమిటో చెప్పని ఓ పలక మాత్రమే. కొన్ని చిప్‌లకు లోగుట్టు విప్పని డ్రైవర్లు వచ్చాయి కానీ కెర్నల్ మారితే అవి పనికిరావు. సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్ కొనుక్కోవడమే తెలివైన పని.

1996లో జర్మనీలో మత్తియాస్ ఎట్రిచ్ కేడీఈ డెస్క్‌టాప్‌ను, 1997లో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా గ్నోమ్‌ను మొదలుపెట్టడంతో తెర ముస్తాబైంది. వాటి గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే డెస్క్‌టాప్‌ను మామూలు మనిషికి దగ్గర చేసింది ముస్తాబు కాదు, పరికరాలు తమ పేరు తాము చెప్పుకోవడం. ఇంటెల్ 1992లో తెచ్చిన పీసీఐ పద్ధతిలో ప్రతి కార్డులోనూ కంపెనీ నంబరు, వస్తువు నంబరు ఉంటాయి. ఇంటెల్ తన కంపెనీ నంబరుగా పాత ప్రాసెసర్ 8086 పేరే పెట్టుకుంది. 1994లో వెసా అనే సంస్థ ప్రమాణంతో మానిటర్ కూడా తన హద్దులను 128 బైట్ల చీటీలో రాసి వీడియో కార్డుకు అందించడం నేర్చుకుంది. ఆ చీటీలు చదివే సాఫ్ట్‌వేర్ రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 2000లో క్లౌస్ క్నాపర్ తెచ్చిన క్నాపిక్స్ అనే లినక్స్ సీడీ పెడితే చాలు, ఏదీ ఎక్కించకుండానే తెర, శబ్దం వాటంతట అవే వచ్చేవి. అది రాసిన అమరిక ఫైలును నకలు తీసుకుని తమ లినక్స్‌లో పెట్టుకున్నవాళ్లు ఎందరో. 2004లో ఎక్స్‌ఫ్రీ86 లైసెన్సు తగాదాతో దాని స్థానంలోకి ఎక్స్‌ఆర్గ్ ముందుకొచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ఆ అమరిక ఫైలే అక్కర్లేకుండా పోయింది. 2009 నాటి 2.6.29 కెర్నల్‌తో తెర అమరిక పనిని కెర్నల్ తానే చేపట్టడం మొదలైంది.

తెలుగువాళ్లకు ఇంకో గండం మిగిలింది. తెర వెలిగినా అక్షరం కుదరదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. వీటిని కలిపి ఒత్తులు కిందికి, గుడిదీర్ఘం పైకి సర్దే సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆరూ విడివిడిగా నిలబడతాయి. గ్నోమ్‌లో ఆ సర్దే పనిని పాంగో అనే లైబ్రరీ నేర్చుకుంది, దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన వంటి ఖతులు తోడయ్యాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ బృందం తెలుగు మెనూలతో లినక్స్‌ను తయారుచేసింది. అంతకు ముందు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అది ఇప్పటికీ లినక్స్ కీబోర్డు అమరికల్లో దొరుకుతుంది.

లినక్స్ కష్టమన్న పేరు ఆ రోజుల్లో ఊరికే రాలేదు, కానీ నింద పడాల్సిన చోట పడలేదని నా అభిప్రాయం. వివరాలు దాచిపెట్టింది పరికరాలు చేసినవాళ్లు. లినక్స్ కనీసం ఎక్కడ ఆగిందో చెప్పింది. మీ లినక్స్ కంప్యూటర్‌లో ఇవాళ వైఫై రాకపోతే ‘పని చేయట్లేదు’ అని ఊరుకోకండి. టెర్మినల్ తెరిచి డీమెసేజ్ (dmesg) అనే ఆదేశం నడపండి, చివర్లో వచ్చిన వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకోండి. సాయం చేసేవాళ్లు మిమ్మల్ని మొదట అడిగేది అదే.