వడియాల గుడ్డ చెప్పే మంచు కబుర్లు

ఏప్రిల్ వచ్చిందంటే వరంగల్, హన్మకొండల్లో పదకొండు దాటాక స్లాబు మీద కాలు పెట్టలేం. అయినా వడియాలు పెట్టక తప్పదు, మిరపకాయలు తిరగేయకా తప్పదు. చెప్పులు మరిచి పైకెళ్లిన రోజున ఏం చేస్తాం? గబగబా వెళ్లి వడియాల తెల్లగుడ్డ అంచు మీద నిలబడతాం! సిమెంటు చురుక్కుమంటుంది, గుడ్డ అంతగా కాల్చదు. తెలుపు ఎండను వెనక్కి పంపేస్తుంది మరి.

భూమికీ అలాంటి తెల్లగుడ్డ ఉంది. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో 'టండ్రా' అని చదువుకున్నాం, గుర్తుందా? ఉత్తర ధ్రువం వైపు చెట్లు పెరగని చలి మైదానాలు. అక్కడ కొత్తగా కురిసిన మంచు తన మీద పడ్డ ఎండలో 80 నుంచి 90 శాతం వెనక్కి పంపుతుంది. మంచు కరిగి నేల బయటపడితే వెనక్కి వెళ్లేది సుమారు 20 శాతమే. మిగతాదంతా నేల తాగేస్తుంది. అలా వేడెక్కిన నేల పక్కనున్న మంచునూ కరిగిస్తుంది. చిన్న చిరుగు పెద్దదైనట్టన్నమాట!

పట్టుచీర చూసినట్టే...

ఎంత ఎండ వెనక్కి వెళుతోందో ఉపగ్రహాలు పైనుంచి చూస్తాయి. కానీ ఓ చిక్కుంది. రెండు రంగులు కలిపి నేసిన పట్టుచీర ఇటు తిప్పితే వంకాయ రంగు, అటు తిప్పితే నెమలికంఠం. మంచూ అంతే. పొద్దు వాలినప్పుడు సూర్యుడికి ఎదురుగా నిలబడి చూస్తే మంచు ధగధగలాడుతుంది. మంచులోంచి పొదలు తలలెత్తితే మాత్రం అటువైపు నీడలు కనిపిస్తాయి. సూర్యుడికి వీపు పెట్టి చూస్తే ఆ నీడలు దాక్కుంటాయి. ఒక్క వైపు నుంచే చూస్తే లెక్క తప్పుతుంది.

అందుకే శాస్త్రజ్ఞులు మంచు మీద కమాను లాంటి చట్రం నిలబెడతారు. కాంతిని కొలిచే పరికరాన్ని దాని మీద జరుపుతూ, చుట్టూ తిప్పుతూ ఒకే చోటును ఎన్నో కోణాల నుంచి కొలుస్తారు. అదీ పొద్దు కదిలిపోయేలోగా, వేళ్లు కొంకర్లు పోయే చలిలో!

ఇద్దరు మణులు

ఇలాంటి పనుల్లో మన ఆడవాళ్లూ ఉన్నారు. దేశమంతటా ఎండను కొలిచే కేంద్రాలు 1957-58లో ఏర్పాటు చేసిన ఘనత అన్నా మణిది. ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి యాభై దాటిన వయసులో, 2016లో అంటార్కిటికా వెళ్లారు. అక్కడి మన 'భారతి' కేంద్రంలో ఏడాదికి పైగా ఉండి, ఉపగ్రహాల సమాచారం అందుకునే పని చూశారు.

మన డాబా సంగతి

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లకు మన ఇష్టం. కానీ ఆ స్లాబు కింద పొయ్యి ముందు నిలబడేది మనమే కదా!

ఎండలు ముదరకముందే డాబా కడిగి, తెల్లపూత రెండుసార్లు వేయించండి. మెరిసే రేకులైతే వెలుగును ఒకవైపే కొట్టి ఎదురింటివాళ్ల కిటికీలో పోస్తాయి. మెరుపులేని తెల్లపూత నలువైపులా చెదరగొడుతుంది. దుమ్ము పడితే తెలుపు పని చేయదు, అప్పుడప్పుడూ కడుగుతుండండి.

ధ్రువాల మంచును మనం కాపలా కాయలేం. మన నెత్తి మీది గుడ్డను మాత్రం తెల్లగా ఉంచుకోగలం!