పాలపిట్ట నీలం, తంగేడు పసుపు

దసరా దగ్గర పడుతుంటే చేవెళ్ల, మొయినాబాద్ చెలకల్లో ఒడ్ల మీద తంగేడు విరగబూస్తుంది. పైన కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంటుంది. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పండుగలోనూ ఈ రెండూ జంటే: తంగేడు లేకుండా బతుకమ్మను పేర్చరు, దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమంటారు. కానీ వాటి రంగులు పుట్టే తీరు మాత్రం వేరు.

తంగేడు రేకను వేళ్ల మధ్య నలిపి చూడండి. నలిగినా అది పసుపే, ఎందుకంటే రంగు పదార్థం రేకలోనే ఉంది. పాలపిట్ట ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. ఈక పోగుల్లో, మామూలు కంటికి ఆనని గాలి ఖాళీలు స్పాంజిలోలాగా అల్లుకుని ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురులో ముఖ్యంగా నీలమే చెదిరి మన కంటికి చేరుతుంది. మిగిలినదాన్ని అడుగునున్న నల్లని పదార్థం పీల్చేస్తుంది. ఆ ఈకను మెత్తగా నూరితే ఖాళీలు చితికి నీలం మాయమవుతుంది.

పైగా ఆ నీలం ఎక్కువగా దాగి ఉండేది రెక్కల్లో. తీగ మీద కూర్చున్నప్పుడు పిట్ట మట్టిరంగులో కలిసిపోయి ఉంటుంది. మిడత కోసం కిందికి దూకినప్పుడు తెలుస్తుంది దాని అందం. అలాంటి పిట్టను పంజరంలో పెట్టి, పండుగ నాడు డబ్బులకు చూపించే వాళ్లున్నారు. రెక్క విప్పలేని పాలపిట్టలో చూసేదేముంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అలా బంధించడం నేరం కూడా.

తంగేడు సంగతి వేరు, పూలు తెంపినంత మాత్రాన చెట్టు చావదు. దున్నని ఒడ్డు, బాటపక్క జానెడు జాగా దానికి చాలు. లేఅవుటు వేసి ఖాళీగా వదిలేసిన ప్లాట్లలోనూ మొలుస్తుంది.

పాలపిట్ట అంత తేలిగ్గా సర్దుకోదు. మిడతలు దొరికే బయలు కావాలి, గుడ్లకు తొర్ర కావాలి. గిజిగాడిలా గూడు అల్లదు, వడ్రంగిపిట్టలా మానును తొలచదు. ముసలి చెట్టు తొర్రో, ఎండిన తాటి మొద్దో వెతుక్కుంటుంది. దేశంలో దీని సంఖ్య దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిందని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది. అందుకే చేవెళ్ల రోడ్డు వెంట ఉన్న దాదాపు 900 మర్రిచెట్లను రోడ్డు విస్తరణ కోసం కొట్టేయాలా వద్దా అన్న గొడవను నీడ కోసమే అనుకోకూడదు. కొట్టేసిన మర్రికి బదులు మొక్క నాటవచ్చు, దానికి తొర్ర పడటానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.