మనసును కుదుటపరచు మాత్రలు: వాని మంచిచెడ్డలు

పరీక్ష గదిలో ప్రశ్నపత్రము చేతికి అందువరకు గుండె దడదడ కొట్టుకొనుట, అరచేతులు చెమర్చుట, నోరు ఎండుట ఏ విద్యార్థికైనను అనుభవమే. ఇది రోగము కాదు. ఆపద తోచినపుడు మూత్రపిండముల పైనుండు గ్రంథులు ఎడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తములోనికి వదలును. పారిపోవుటకో, పోరాడుటకో శరీరము సిద్ధమగును. రెండు ప్రశ్నలకు జవాబులు వ్రాయుసరికి ఆ దడ తానే తగ్గును. అట్లు తగ్గక, కారణమున్నను లేకున్నను నెలల తరబడి నిలిచి, నిద్రను, చదువును, ఉద్యోగమును చెడగొట్టునపుడు వైద్యులు దానిని ఆందోళన వ్యాధి అందురు. అట్టివారికి ఎదురగు ప్రశ్న ఒకటున్నది: మందు పుచ్చుకొనవలెనా, దాని దుష్ఫలితములకు జడిసి మానవలెనా?

ఈ తూకము ఒక్కొక్క కాలమున ఒక్కొక్క విధముగా ఉండెను. 1903లో బార్బిటాల్ వచ్చినది మొదలు అర్ధ శతాబ్దము పాటు బార్బిట్యురేటులే గతి. వానితో చిక్కేమనగా, నిద్ర పట్టించు మోతాదునకును, ప్రాణము తీయు మోతాదునకును ఎడము మిక్కిలి తక్కువ. ఇంతలో అమెరికాలో హాఫ్‌మన్ లరోష్ కంపెనీ ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ అను రసాయనజ్ఞుడు కొన్ని పదార్థములను తయారుచేసి, పని రాదని పక్కన పెట్టెను. 1957లో బల్లలు శుభ్రపరచుచుండగా వానిలో పరీక్షింపక మిగిలిన స్ఫటికములు కంటబడెను. జంతువులకు ఇచ్చి చూడగా, అవి మత్తులో పడిపోకయే శాంతించినవి. అదియే 1960లో లిబ్రియమ్ అను పేరుతో అంగళ్ళకు వచ్చిన క్లోర్‌డయజిపాక్సైడు. 1963లో దాని తమ్ముడు డయజిపామ్, అనగా వేలియమ్ వచ్చెను. ఈ కుటుంబమునకు బెంజోడయజిపైనులని పేరు.

ఇవి ఎట్లు పనిచేయును? మెదడులోని నాడీకణములను ఉద్రేకపరచు ద్రవ్యములున్నట్లే, జోకొట్టు ద్రవ్యములును ఉన్నవి. వానిలో ముఖ్యమైనది గాబా. అది నాడీకణము పైనున్న ఒక గ్రాహకమును తాకగానే చిన్న ద్వారము తెరచుకొని, ఋణావేశముగల క్లోరైడు అయానులు లోనికి పోవును; కణము శాంతించును. బెంజోడయజిపైను ఆ గ్రాహకమునే వేరొక చోట అంటుకొని, గాబా వచ్చినపుడు ద్వారము మరింత తరచుగా తెరచుకొనునట్లు చేయును. గాబా లేనిచో తానుగా తెరువజాలదు. బార్బిట్యురేటు అట్లు కాదు. మోతాదు హెచ్చినచో గాబాతో పనిలేకయే తలుపు తెరచి పట్టుకొనును. పాతమందు ప్రాణాంతకమగుటకు, క్రొత్తది అంతగా కాకుండుటకు కారణమిదే. కాని మద్యముతో గాని, నల్లమందు జాతి ఔషధములతో గాని కలిసినపుడు ఈ రక్షణ తొలగిపోయి శ్వాస ఆగవచ్చును.

రేడియము పాఠములో విద్యార్థులు చదువు అర్ధజీవితకాలము ఇచటను పనికివచ్చును. ఒక మందులో సగము శరీరము నుండి తొలగుటకు సరిగా ఒక దినము పట్టుననుకొందము. రోజుకు 8 పాళ్ళ చొప్పున పుచ్చుకొన్నచో రెండవ మాత్ర వేసుకొనగానే శరీరములో ఉండునది 12 పాళ్ళు, మూడవదానికి 14, నాల్గవదానికి 15. చివరకు 16కు చేరువగా నిలుచును. డయజిపామ్ సగమగుటకు ఒకటి రెండు దినములు పట్టును. అది కాలేయములో మారి ఏర్పడు పదార్థము మరికొన్ని దినములు ఉండును. రాత్రి వేసుకొన్న మాత్ర మరునాటి మధ్యాహ్నము బండి నడుపువాని చేతిని మందగింపజేయుట, ముసలివారు తూలిపడి తుంటి యెముక విరుగగొట్టుకొనుట ఇందువలననే. మరొక సంగతి విద్యార్థులు గమనింపదగినది: ఈ మందులు క్రొత్త విషయములు జ్ఞాపకములో నాటుకొనుటకు అడ్డుపడును. పరీక్షభయమునకు తెలిసినవారి మాత్ర అడిగి మ్రింగి చదువ కూర్చున్నవాడు, చదివినదానినే పోగొట్టుకొనును.

అన్నిటికంటె పెద్ద కీడు అలవాటు. కొన్ని వారములు మందు వాడగా మెదడు తన సొంత ఏర్పాటును దానికి తగినట్లు మార్చుకొనును. పిదప హఠాత్తుగా మానినచో ఉద్రేకము ఒక్కసారిగా పైకి లేచును. దీనిని పుస్తకములలోనే చూడనక్కరలేదు. తెలంగాణలో కొన్ని చోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపి అమ్ముట జరుగుచున్నది. 2015లో అధికారులు ఈ కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఎందరో చేతులు వణకుచు, మతి తప్పి మాటలాడుచు, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరిరి. తాము ఒక మందునకు అలవాటుపడితిమని కూడ వారెరుగరు! కనుక నెలల తరబడి వాడినవారు భయపడి ఒక్కరోజున మానుట, వాడుటకంటె ప్రమాదము. వైద్యుడు మోతాదును వారముల మీద, ఒక్కొక్కపుడు నెలల మీద, కొద్దికొద్దిగా దించును.

నేడు దీర్ఘకాలపు ఆందోళనకు వైద్యులు ముందుగా వ్రాయునవి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి. ఇవి సెరొటోనిన్ అను ద్రవ్యము నాడీకణముల నడుమ ఎక్కువసేపు నిలుచునట్లు చేయును. వీనిలోని తిరకాసు చూడుడు. వికారము, తలనొప్పి, కొందరిలో మరింత కంగారు మొదటి దినములలోనే కనబడును. గుణమో, రెండు మొదలు ఆరు వారములకు గాని తెలియదు. బెంజోడయజిపైనులలో ఇది తలక్రిందులు: మేలు అరగంటలో, కీడు నెలల తరువాత. మొదటి వారపు అనుభవమునే త్రాసులో వేసినవాడు రెండింటను తప్పు తూచును. కాని ఒక్క జాగ్రత్త కలదు. ఈ జాతి మందులు మొదలిడినపుడు కొందరు పిల్లలలోను, యువకులలోను ఆత్మహత్యా భావములు హెచ్చవచ్చునని 2004లో అమెరికా ఔషధ సంస్థ గట్టి హెచ్చరిక వేయించెను. 2007లో దానిని 24 ఏండ్ల వయసు వరకు పొడిగించెను. ఆ వారములలో ఇంటివారు కనిపెట్టి యుండవలెను. దీర్ఘకాలము వాడువారిలో కామేచ్ఛ తగ్గుట కూడ సాధారణమే. సిగ్గుపడి వైద్యునితో చెప్పక మందు మానువారు పెక్కురు. వేదిక ఎక్కునపుడు చేతులు వణకువారికి ప్రొప్రనొలోల్ ఇచ్చుట కలదు. ఉబ్బసము గలవారికి అది తగదు.

మందుపెట్టెలోని కాగితము చదివి బెదరువారు అచటి మాటల కొలతను తెలిసికొనవలెను. ఐరోపాలో 'సాధారణము' అన్నచో నూటికి ఒకటి మొదలు పదిమంది వరకు. 'అరుదు' అన్నచో పదివేలకు ఒకటి మొదలు పదిమంది వరకు. పైగా ఎంతమందికి వచ్చుననునది వేరు, వచ్చినచో ఎంత కీడనునది వేరు. నోరెండుట పదిమందికి వచ్చినను ఓర్చుకొనవచ్చును. త్రాసు రెండవ తట్టలో మందు లేని జీవితమును కూడ పెట్టవలెను. ఇల్లు కదలలేక బడి మానిన బాలికకు మందు మానుట ఊరక వచ్చినది కాదు. పోయిన సంవత్సరమే దాని వెల. అయితే ఆలోచనల తీరును, తప్పుకొను అలవాటును క్రమముగా మార్చు మనోచికిత్స చాలమందిలో మందుతో సమానముగా పనిచేయును. అది దొరకు చోట ముందుగా దానిని కోరుట మంచిది. మన జిల్లాలలో అది దొరకు చోట్లు తక్కువ.

మన దేశములో డయజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోర్‌డయజిపాక్సైడులను 2014 మార్చి నుండి హెచ్ 1 అను పట్టికలో చేర్చిరి. వైద్యుని చీటీ లేక అమ్మరాదు; అమ్మినవాడు రోగి పేరు, వైద్యుని పేరు, ఇచ్చిన పరిమాణము వేరొక పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. మాత్రల అట్టపై ఎర్రగీత గడిలో హెచ్చరిక ఉండును. రెండేండ్లనాటి చీటీని మడిచి జేబులో పెట్టుకొని అంగడికి పోవువారు ముందుగా చూడవలసినది దానిపై తేదీ.