ఇంజన్ ఆయిల్: కంపెనీ మాటా? మెకానిక్ మాటా?

ఇంటికి కారున్న ప్రతివారికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉంటుంది. మెకానిక్ మాత్రం "అయిదువేలకే మార్చెయ్యండి, లేకపోతే ఇంజన్ పోతుంది" అంటాడు. ఎవరి మాట వినాలి? అవసరం లేకుండా మార్చితే డబ్బు దండుగ. ఆలస్యం చేస్తే ఇంజన్ బోరుకు వస్తుంది. ఆ ఖర్చు ఒక పంట రాబడినే మింగేయవచ్చు.

ఇంజన్‌లో ఒరుసుకునే భాగాల మధ్య ఆయిల్ పలుచని పొరగా నిలిచి అరుగుదలను తగ్గిస్తుంది. వేడిని లాగుతుంది. మసిని, మురికిని తనలో పట్టి ఉంచుతుంది. ఇందుకోసం దానిలో కలిపిన రసాయనాలు వాడుతున్నకొద్దీ తరిగిపోతాయి. అందుకే మార్చాలి.

కంపెనీ లెక్క గాలిలో వేసినది కాదు. ఇంజన్లను నడిపి, పరీక్షించి నిర్ణయించినది. వారంటీ కాలంలో ఇంజన్ పాడైతే నష్టం తమకేనని వారికి తెలుసు. వెనుకటి రోజుల్లో అమెరికాలో 3,000 మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చడం అలవాటు. తరువాత ఇంజన్లూ, ఆయిళ్లూ మెరుగుపడ్డాయి, గడువూ పెరిగింది. మనదేశంలో మారుతి సుజుకి చాలా పెట్రోలు కార్లకు చెప్పే గడువు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందు వస్తే అది.

అయితే ఆ పుస్తకంలో చాలామంది చదవని పేజీ ఒకటుంది. ఉదాహరణకు అమెరికాలో టొయోటా కంపెనీ, సింథటిక్ ఆయిల్ వాడే చాలా కార్లకు 10,000 మైళ్లు లేదా ఏడాది గడువు ఇచ్చింది. అదే పుస్తకంలో, దుమ్ము రోడ్ల మీద తిరిగినా, అధిక బరువు మోసినా, టాక్సీగా నడిపినా 5,000 మైళ్లకు లేదా ఆరు నెలలకే మార్చమన్నది. అంటే సగానికి సగం!

మన పల్లెల సంగతి ఆలోచించండి. మట్టిబాటలు, ఎండాకాలపు దుమ్ము, పెళ్లిళ్లకు పట్టినంతమంది ప్రయాణం. సంతకో, మందిరానికో రెండు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఇంజన్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరికాక ఆయిల్‌లోనే మిగులుతాయి. కాబట్టి మనలో చాలామందికి వర్తించేది ఆ రెండవ లెక్కే. మెకానిక్ చెప్పిన అయిదువేలు అలాంటి బండికి సబబే. తారురోడ్డు మీద దూర ప్రయాణాలు చేసే బండికి అది అనవసరపు ఖర్చు.

ఆయిల్ నల్లబడిందని కంగారు పడకండి. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొద్దిరోజుల్లోనే నల్లబడుతుంది. రంగు కంటే మట్టం ముఖ్యం. వారానికొకసారి బండిని సమనేల మీద నిలిపి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలాగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. తగ్గితే పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయండి. మార్చిన ప్రతిసారీ ఫిల్టరు సంగతి కూడా పుస్తకంలో చూడండి. తేదీ, కిలోమీటర్లు రాసి, బిల్లు దాచండి. వారంటీ అడగవలసి వస్తే అదే మీకు ఆధారం.

తీసిన పాత ఆయిల్‌ను కాలువలోగాని, చేలోగాని పారబోయకండి. నీరు, నేల రెండూ చెడతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే సర్వీసు సెంటరుకు ఇవ్వండి.

కంపెనీ పుస్తకాన్ని నమ్మవచ్చు. అయితే ఒక్క అంకె చూసి మూసేయకుండా, మన బండి నడిచే దారికి తగిన పేజీ వెతికి చదవాలి.