కలుపుగోలు మనిషి వెళ్లిపోయిన ఇల్లు

కొన్ని ఇళ్లలో ఒకరు ప్రభువునందు నిద్రిస్తే ఆ ఇంటివారు దుఃఖిస్తారు. మరికొన్ని ఇళ్లలో ఒకరు వెళ్లిపోతే ఊరు ఊరంతా కంటతడి పెడుతుంది. అందరినీ పలకరించి, పదిమందిని కలిపి ఉంచే మనిషి పోయినప్పుడు అలా జరుగుతుంది. అటువంటివారు మీ కుటుంబములోను, మీ సంఘములోను ఉండే ఉంటారు. వారిని సమాధి చేసి ఇంటికి వచ్చిన తరువాత మనం ఏమి చేయాలి? గోడకు ఫోటో తగిలించి, ఏడాదికొకసారి జ్ఞాపకార్థ కూడిక జరిపి, భోజనాలు పెడితే సరిపోతుందా? గడచిన సంవత్సరమంతా మా కుటుంబము ఈ ప్రశ్నతోనే గడిపింది.

మాది దివిసీమ. మేము చెప్పబోయేది మా పెద్దమ్మను గురించి. ఆమె బడికి వెళ్లింది లేదు. సంఘములో ఏ పదవీ చేయలేదు. అయినా మా పాలెంలో ఆమె గుమ్మం తొక్కని మనిషి లేడు. నాట్లకు వెళ్లే కూలీలు, చేపల గంప దించుకునే ముసలమ్మ, కొత్తగా వచ్చిన పాస్టరమ్మగారు, ఎవరైనా సరే ఆమె మొదటి మాట ఒక్కటే: "ఏమ్మా, అన్నం తిన్నావా?" తినలేదంటే కంచం పెట్టేది. తిన్నామంటే మజ్జిగ ఇచ్చేది. వచ్చినవారిది ఏ కులమని గాని, ఏ సంఘమని గాని ఆమె అడగటం మేమెన్నడూ వినలేదు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలాదిమంది కొట్టుకుపోయిన సంగతి మన పెద్దలకు తెలుసు. అప్పటికి పెద్దమ్మకు పెళ్లయి కొద్ది కాలమే అయింది. సముద్రానికి దగ్గర ఊరిలో ఉన్న తన అక్కను, అక్క బిడ్డలను ఆమె ఆ రాత్రి పోగొట్టుకుంది. అంతకు ముందు వారమే అక్కను చూసి రావాలనుకుని, కోతలయ్యాక వెళ్దాంలే అని ప్రయాణం మానుకున్నదట. "చూడాలనుకున్న మనిషిని ఇవాళే చూడాలి" అని ఆమె జీవితమంతా అంటూ వచ్చింది. ఆమె కలుపుగోలుతనం వెనుక అంత దుఃఖం ఉంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకొందాము

పోయినవారిని గురించి మంచే చెప్పాలని కొందరు వట్టి పొగడ్తలతో నింపివేస్తారు. అప్పుడు మనకు తెలిసిన మనిషి కాస్తా కనబడకుండా పోతుంది. మా పెద్దమ్మ బోరింగు దగ్గరకు నీళ్లకు వెళితే గంటకు గాని తిరిగి వచ్చేది కాదు. ఈలోగా పొయ్యి మీద పప్పు మాడిపోయేది. పెదనాన్న ఆకలితో అరుగు మీద కూర్చుని గొణుక్కునేవారు. కూడికలో మా తమ్ముడు ఈ సంగతి చెప్పగానే అందరూ నవ్వారు. పెదనాన్న కూడా నవ్వారు. పెద్దమ్మ పోయిన తరువాత ఆయన నవ్వటం అదే మొదలు.

అలాగని కన్నీళ్లను ఆపవలసిన పని లేదు. విశ్వాసులు ఏడవకూడదని కొందరు మందలిస్తారు. లాజరును లేపబోతున్నానని ఎరిగియుండి కూడా యేసుప్రభువు బేతనియలో కన్నీళ్లు విడిచారు. ఏడ్చేవారిని ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి.

దొర్కా ఇంటిలో చూపించినదేమిటి?

యొప్పే పట్టణములోని దొర్కా మరణమును గురించి అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుతాము. లుద్దలో ఉన్న పేతురును పిలిపించారు. ఆయన మేడగదిలోనికి రాగానే విధవరాండ్రు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను తెచ్చి చూపించారు. ఆమె ఎలాంటిదో ఆ బట్టలే చెప్పాయి. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు ఇరవైమందికి పైగా పేరు పేరునా వందనములు చెప్పాడు. అందులో రూఫు తల్లి తనకు కూడా తల్లేనని వ్రాశాడు. ఆమె పేరేమిటో అక్కడ లేదు. ఆమె చూపిన తల్లి ప్రేమ మాత్రం ఈనాటికీ నిలిచియున్నది.

పెద్దమ్మ ఇంటిలో మాకు దొరికినది సంఘము వారు ఇచ్చిన గోడ కాలెండరు. సంతకం తప్ప ఆమెకు వ్రాయటం రాదు. అందుచేత తేదీల మీద పెన్సిలుతో బొమ్మలు గీసుకునేది. ఆమె గత వేసవిలో వెళ్లిపోయింది. బొమ్మలు మాత్రం డిసెంబరు వరకు ఉన్నాయి. పెదనాన్న ఒక్కొక్కటే మాకు విప్పి చెప్పారు. ఊయల బొమ్మ ఉంటే ఎవరికో పురుడు రోజులు. కన్ను బొమ్మ ఉంటే ఎవరికో శుక్లాల ఆపరేషను. ప్రతి ఆదివారం మీద పక్కపక్కనే రెండు గీతలున్నాయి. అవి పొలం గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములిద్దరు. ఆదివారం సాయంత్రం ఆమె ఆ రెండు ఇళ్లకూ వెళ్లి కూర్చుని వచ్చేది.

ఆ తేదీలను మేము పంచుకున్నాము. శుక్లాల ఆపరేషను రోజున మా తమ్ముడు సెలవు పెట్టి ఆ ముసలాయన వెంట విజయవాడ వెళ్లాడు. మా వదిన పురిటి ఇంటికి కారం, నెయ్యి పట్టుకెళ్లింది. అన్నదమ్ముల ఇళ్లకు పెదనాన్నే వెళుతున్నారు. మాటకారి కాని ఆయన అక్కడ ఏం మాట్లాడతారో మాకు తెలియదు. తగాదా ఇంకా తీరలేదు. కాని ఆయన వెళ్లే సమయానికి రెండు ఇళ్లలోనూ కుర్చీ వేసి ఉంచుతున్నారట.

సంవత్సరీకం ఘనంగా చేయాలని, అవసరమైతే అప్పు తెద్దామని బంధువులు కొందరన్నారు. పెదనాన్న ఒప్పుకోలేదు. ఆమె రోజూ వండే పప్పూ పులుసూ పెట్టించారు. ఎవరూ తక్కువని అనుకోలేదు.

మీ ఇంటిలో ఇటువంటి దుఃఖము కలిగితే మేము నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పనివ్వండి. పోయినవారి పేరెత్తటానికి జంకవద్దు. పెద్దవారు బ్రతికి ఉండగానే వారికి తెలిసిన సంగతులు అడిగి, సంవత్సరాలతో సహా ఒక నోటుపుస్తకములో వ్రాసిపెట్టండి. ఫోనులో వారి గొంతు ఉంటే చెరిపివేయకుండా దాచండి. వారు ఎవరెవరి ఇళ్లకు వెళ్లేవారో తెలుసుకుని, వాటిలో ఒక్క ఇంటికైనా మీరు వెళ్లండి.

సంఘస్థులకు కూడా ఒక మనవి. మొదటి పదిరోజులు అందరూ వస్తారు. మూడవ నెలకు ఆ గుమ్మం బోసిపోతుంది. నిత్యం మనుషులతో నిండిన ఇంటిలో మిగిలిపోయినవారికి అదే అన్నిటికంటె కష్టమైన కాలము. అప్పుడు వెళ్లండి. వెళ్లి, అన్నం తిన్నారా అని అడగండి. అట్టి కుటుంబములన్నిటినీ ప్రభువు ఆదరించును గాక.